కుడి వైపు ట్రే

ఫిబ్రవరి 4

అక్కా,

నేను బాగానే ఉన్నాను. మోకాళ్ల సంగతి అడగకు, అవి బాగా లేవు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా స్టూలు మీద కూర్చుని చేసే పనికి మోకాళ్లెందుకు నొప్పి పుడతాయో నాకూ తెలియదు.

ఒక చిన్న పని మీద రాస్తున్నాను. నిజంగానే చిన్నది, నా అరచేతిలో పడుతుంది. మా క్వార్టర్స్ వెనకాల ఖాళీ అట్టపెట్టెలు పడేసే షెడ్డులో పిల్లికూన ఒకటి దొరికింది. తల్లి కోసం రెండు రోజులు చూశాను, రాలేదు. ఒళ్లంతా నలుపు, నుదుటి మీద మాత్రం తెల్ల చుక్క. బొచ్చు చూస్తే పెద్దపిల్లికి ఉండాల్సినంత ఉంది. పళ్లొచ్చాయి, పాలు గిన్నెలోంచే తాగుతోంది. నెలన్నర ఉంటుందేమో.

నేను ఉంచుకోలేను. గుడ్లు పొదిగించే మా హేచరీ సంగతి నీకు తెలుసు కదా, గేటు దగ్గర స్నానం చేసి వాళ్లిచ్చిన బట్టలు కట్టుకుంటే తప్ప లోపలికి పోనివ్వరు. కోడిపిల్లలకి ఏ రోగం అంటుకుంటుందోనని భయం. నా గదిలో పిల్లి ఉందని సూపర్‌వైజరుకి తెలిస్తే రోడ్డు మీద వదిలేయమంటాడు. ఆ రోడ్డు మీద పొద్దస్తమానం దాణా లారీలే. శనివారాలు మీ వైపు గుడ్ల వ్యాను వస్తుంది. డ్రైవరు నెమ్మదస్తుడు, భద్రంగా తెచ్చి మీ షాపు దగ్గర ఇస్తానన్నాడు. తీసుకుంటావా?

ఆడో మగో చూడలేదు. రోజుకి ఏడు వేల కోడిపిల్లల్ని తిప్పి చూసి ఇది పెట్ట, ఇది పుంజు అని వేరు చేసి వచ్చాక ఇంకో తోక ఎత్తబుద్ధి కాలేదు.

బావని అడిగానని చెప్పు.

తమ్ముడు


ఫిబ్రవరి 8

తమ్ముడికి,

నీ ఉత్తరం సరిగ్గా చూసుకుని, నేను ఎవరినైనా కొరికేద్దామా అని ఉన్న రోజునే వచ్చింది. బడివాళ్లు కబురు పంపారు. వచ్చే ఏడు నుంచి ఆడపిల్లలకీ మగపిల్లలకీ ఒకటే రకం చొక్కా అట. నేను ఆడపిల్లల చొక్కాలకని గుండ్రటి కాలర్లు నూట ఎనభై కత్తిరించి కట్టలు కట్టి పెట్టుకున్నాను. అవి ఇప్పుడు ఏం చేసుకోను, నెత్తిన పెట్టుకోనా? ఒక నెల ముందు చెప్పడానికి వాళ్ల నోళ్లు పడిపోయాయా?

సరే, పిల్లి సంగతి. ఇక్కడ పెద్దాయన ఉన్నాడని మర్చిపోయావా? పన్నెండేళ్ల ముసలి గండుపిల్లి. కత్తిరింపు ముక్కల బుట్టలో పడుకుంటే ఇస్త్రీ పెట్టె మీద పడినా లేవడు. కానీ ఇంకో మగపిల్లి వాసన తగిలితే పూనకం వచ్చినట్టు లేస్తాడు. మూడేళ్ల కింద ఒక గండుపిల్లి షాపులోకి జొరబడినప్పుడు ఏమైందో నువ్వు చూడలేదు. పెద్దాయన చెవి చిరిగింది, ఆరు కుట్లు పడ్డాయి. ఆ వచ్చిన వెధవ పోతూ పోతూ ఒక లాయరు గారి కోటు మీద ఉచ్చ చిమ్మి పోయాడు. మూడుసార్లు ఉతికించాను, వాసన పోలేదు. ఆయన ఇప్పటికీ మా వీధిలో మొహం తిప్పుకుని నడుస్తాడు.

కాబట్టి ముందే చెబుతున్నాను. ఆడదైతే పంపు. మగదైతే వద్దు. పంపినా అదే వ్యానులో వెనక్కి పంపేస్తాను, తర్వాత ఏడ్చి లాభం లేదు. ఇస్త్రీ దగ్గరి నుంచి మీ బావ కూడా తలూపుతున్నాడు. ఒక్క తోక ఎత్తి చూడటానికి నీకు ఎంతసేపు?

అక్క


ఫిబ్రవరి 11

అక్కా,

చూశాను. ఆడది.

ఈ శనివారం వ్యానులో పంపుతున్నాను. మూత ఉన్న బుట్టలో నా పాత స్వెట్టరు వేశాను. ఆ స్వెట్టరు తీసేయకు, అది లేకపోతే అరుస్తుంది.

సందేహం పెట్టుకోకు. ఇరవై రెండేళ్లుగా ఇదే పని చేస్తున్నవాడి మాట.

తమ్ముడు


ఫిబ్రవరి 20

తమ్ముడికి,

మీ ఆడపడుచు దిగింది. దిగీ దిగగానే మీ బావ ఇస్త్రీ చేసి పెట్టిన ప్యాంట్ల దొంతర మీద ఎక్కి కూర్చుంది. చుక్క అని పేరు పెట్టాను. "ఒసే చుక్కా, దిగవే" అంటే నా మొహంలోకి చూస్తుంది కానీ దిగదు. పెద్దాయన దాన్ని చూసి గుర్రుమన్నాడు. ఆడపిల్లి కదా, అలవాటు పడతాడులే అని వదిలేశాను.

మూడో రోజుకి విరేచనాలు పట్టుకున్నాయి. ఇంక తప్పక పశువుల ఆస్పత్రికి తీసుకెళ్లాను. షాపు మూసి, బుట్ట చంకన పెట్టుకుని, రెండు బస్సులు మారి పోయేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. అక్కడ బెంచీల మీద చోటు లేదు. కాలికి కట్టు కట్టిన కుక్క, దాని పక్కన రామచిలకతో ఒక ముసలావిడ, ఆ చిలక వచ్చిన వాళ్లందరినీ తిడుతోంది. మనిషికి ఒక తిట్టు చొప్పున పంచింది, నాకు మాత్రం రెండు.

కాంపౌండరు కొత్త కార్డు తీసి "ఆడా, మగా?" అన్నాడు. ఆడ అన్నాను. "మీరే చూశారా?" అన్నాడు. నాకు రోషం వచ్చింది. మా తమ్ముడు హేచరీలో పిల్లల్ని వేరు చేసే పనిలో ఉన్నాడు, ఒక సెకనులో పుంజూ పెట్టా చెబుతాడు, ఇరవై రెండేళ్ల అనుభవం అన్నాను. బెంచీలన్నీ తిరిగి చూశాయి. "అయితే ఇంక మేం చూసేదేముందమ్మా" అని రాసేశాడు.

డాక్టరు నన్ను తిట్టాడు. పిల్లికి ఆవు పాలు పొయ్యకూడదట, అందుకే విరేచనాలట. ఈ సంగతి నాకు ఎవరు చెప్పారు? నువ్వు చెప్పావా? "గిన్నెలోంచే తాగుతోంది" అని గొప్పగా రాశావు. కడుపులో నట్టలకి మందు సూది లేని సిరంజితో నోట్లో పోశాడు. సగం దాని కడుపులోకి, సగం నా ఒళ్లోకి పోయింది. మూడు వారాల తర్వాత టీకాకి రమ్మన్నాడు. అప్పుడు ఆ రామచిలక రాకపోతే చాలు.

అక్క


మార్చి 1

అక్కా,

చుక్క అనే పేరు బాగుంది. ఆవు పాల సంగతి నాకూ తెలియదు, తప్పు నాదే. ఉడకబెట్టిన కోడిగుడ్డు పెట్టచ్చేమో అడుగు. గుడ్లకి నాకు కొదవ లేదు.

ఇక్కడ కొంచెం గొడవగా ఉంది. మూడు నెలల కింద మేం పంపిన కోడిపిల్లల్లో పుంజులు కూస్తున్నాయని ఒక ఫారంవాళ్లు ఉత్తరం రాశారు. గుడ్ల కోసం పెంచేవాళ్లకి పుంజులెందుకు, దాణా దండగ. ఆ పెట్టెల మీద నా నంబరే ఉంది.

మా పని ఎలా ఉంటుందో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. ముందు పెద్ద లైటు ఉంటుంది. ఎడం చేత్తో పిల్లని తీసి, బొటనవేలితో తోక కింద విప్పి చూడాలి. గసగసాల గింజంత బుడిపె ఉంటే పుంజు, లేకపోతే పెట్ట. పెట్టలు కుడి వైపు ట్రేలోకి, పుంజులు ఎడమ వైపు ట్రేలోకి. వందకి రెండు తప్పులు ఎవరికైనా క్షమిస్తారు. ఇరవై రెండేళ్లలో నేను ఆ రెండూ వాడుకోలేదు. అందుకే ఇప్పుడు అందరూ వింతగా చూస్తున్నారు.

లైటు మార్చారు, వెలుతురు కొంచెం తక్కువైంది అని చెప్పాను. సరే చూద్దాం అన్నారు.

పెద్దాయన ఇంకా గుర్రుమంటున్నాడా?

తమ్ముడు


మార్చి 22

తమ్ముడికి,

లైటు మార్చారట! ఎవరికి చెబుతున్నావు? నలభై ఏడు దాటాక నాకు సూదిలోకి దారం ఎక్కడం మానేసింది. నేను కూడా అప్పుడు మీ బావతో లైటు బాలేదనే చెప్పాను. ఆయన పాపం రెండుసార్లు బల్బు మార్చాడు. చివరికి కళ్లజోడు పెట్టుకోగానే పాత బల్బే వెలిగిపోయింది. నోరు మూసుకుని కంటి డాక్టరు దగ్గరికి పో. సిగ్గేమిటి ఇందులో?

టీకా వేయించుకుని వచ్చాం. ఈసారి కొత్త డాక్టరమ్మ ఉంది, చిన్న వయసు, చేతులు మంచివి. చుక్క మాత్రం ఆ మంచితనం చూడలేదు. సూది చూడగానే డాక్టరమ్మ భుజం మీదికి, అక్కడి నుంచి మందుల బీరువా మీదికి ఎక్కింది. కాంపౌండరు స్టూలు వేసుకుని ఎక్కితే బొటనవేలు కొరికింది. నేను అందరికీ క్షమాపణలు చెప్పుకుంటూ నిలబడ్డాను. డాక్టరమ్మ తోక ఎత్తి చూడబోయింది. ఇది కూర్చోనిస్తేనా? పైగా ఆ బొచ్చొకటి. "కార్డులో ఆడ అనే ఉంది కదా" అని వదిలేసింది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్‌కి మే నాలుగున రమ్మని రాసింది. ఆ రోజు పొద్దున్నుంచి ఏమీ పెట్టకూడదట. దీనికి ఏమీ పెట్టకుండా నేను ఇంట్లో ఎలా తిరగాలో కూడా కార్డు మీద రాసి ఉంటే బాగుండేది.

పెద్దాయన రోజూ గుర్రుమంటూనే ఉన్నాడు. బుట్ట దగ్గరికి రానివ్వడు. నిన్న పంజా కూడా విసిరాడు. ఆడపిల్లి మీద ఇంత కోపమేమిటో నాకు అంతుపట్టడం లేదు. మీ బావని అడిగితే "ఏమో, నువ్వన్నది నిజమే, పెద్దాయనదీ నిజమే" అంటాడు. ఆయన సంగతి తెలిసిందేగా, ఇంట్లో మూడో పిల్లి ఆయనే, ఎప్పుడూ గోడ మీదే.

కంటి డాక్టరు. మర్చిపోకు.

అక్క


మే 3

అక్కా,

ఇన్నాళ్లూ రాయలేదు, కోప్పడకు. రాయడానికి మంచి కబురు ఏదీ లేక రాయలేదు.

ఇంకో రెండు ఫారాల నుంచి ఫిర్యాదులు వచ్చాయి. మేనేజరు నిన్న పిలిచాడు. కూర్చోమనలేదు. ఇంకొక్క మాట నా మీద వినబడినా పని మాన్పించేస్తానన్నాడు. పని పోతే ఈ గది కూడా పోతుంది, క్వార్టర్స్ వాళ్లదే కదా. నాకు ఇది తప్ప ఇంకో పని రాదు. ఈ వయసులో ఎవరు నేర్పిస్తారు?

ఒక్క మాట అడుగుతాను, చెయ్యి. కళ్ల సంగతి నాకు రాసే ఉత్తరాల్లో రాయకు. ఇక్కడికొచ్చే టపా అంతా గేటు దగ్గర గుమస్తా చేతిలో పడుతుంది. కవర్లు విప్పడు కానీ, ఏదైనా తెరిచి ఉంటే చదవకుండా వదలడు. నాలుగు రోజులు గడిస్తే అంతా సర్దుకుంటుంది.

రేపే కదా చుక్కకి ఆపరేషన్. ఎలా జరిగిందో రాయి.

తమ్ముడు


మే 4

(పోస్టుకార్డు)

ఒరేయ్ ఇరవై రెండేళ్ల అనుభవమా! కవరు కొనే ఓపిక కూడా లేక ఆస్పత్రి ఎదురుగా నిలబడి ఈ కార్డు రాస్తున్నాను. నీ కళ్లకి పొరలు కమ్మాయా? మగపిల్లిని పట్టుకుని ఆడదని నా నెత్తిన రుద్దుతావా? దానికి మత్తు ఇచ్చారు, పొట్ట మీద బొచ్చంతా గొరిగారు, బల్ల మీద పడుకోబెట్టారు. కొయ్యబోతూ డాక్టరమ్మ ఎందుకో ఆగి తోక పక్కకి జరిపి చూసింది కాబట్టి సరిపోయింది. లేకపోతే లేని గర్భసంచి కోసం కడుపు కోసి వెతికేవాళ్లు. నన్ను లోపలికి పిలిచి చూపించింది. గుడ్డివాడికి కూడా తెలుస్తుంది! గదిలో అందరూ నవ్వారు. బోడి పొట్టతో అది ఇంకా మత్తులోనే ఉంది, నా ఒళ్లో వేసుకుని కూర్చున్నాను. పిల్లికే ఆడా మగా చెప్పలేనివాడివి కోడిపిల్లలకి ఏం చెబుతావురా? అక్క.


మే 9

అక్కా,

నీ కార్డు అందింది. నాకంటే ముందు అందరికీ అందింది.

గుమస్తా దాన్ని భోజనాల గదిలో బల్ల మీద నిలబడి చదివాడు. చివరి వాక్యం రెండుసార్లు చదివాడు. నేను అన్నం గిన్నె పట్టుకుని గుమ్మంలో ఉన్నాను. ఒక్కరు నవ్వకుండా లేరు. సాయంత్రానికి కార్డు మేనేజరు బల్ల మీద ఉంది. "మీ అక్కగారికి తెలిసినంత మాకు తెలియకపోయింది" అన్నాడు. ఇరవయ్యో తారీఖున హెడ్డాఫీసు నుంచి మనిషి వస్తాడట, నాకు పరీక్ష పెడతాడట. తప్పితే ఇంటికే.

కార్డు మీద రాస్తావా అక్కా? తెరిచి ఉన్నది రాయొద్దని చెప్పానే! నా మీద కోపం వస్తే కవరులో పెట్టి తిట్టలేవా? నలభై ఆరేళ్ల మనిషిని, వాళ్ల ముందు నా పరువు ఏం కావాలి?

కొన్నాళ్లు నాకు ఉత్తరాలు రాయకు.


మే 13

తమ్ముడికి,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. కవరులో పెట్టి, అంచులు రెండుసార్లు అంటించి, పైన కుట్టు కూడా వేశాను. ఆ గుమస్తా ఇప్పుడు చదవమను చూస్తాను.

తెరిచి ఉన్నది రాయొద్దని నువ్వు చెప్పిన ఉత్తరం నాకు మే ఆరున అందింది. కార్డు నాలుగునే వేసేశాను. ఆరో తారీఖున నీ ఉత్తరం చదివి పోస్టాఫీసుకి పరుగెత్తాను. కౌంటరు దగ్గర మనిషిని బతిమాలాను. వెళ్లిపోయిన టపా వెళ్లిపోయిందే అన్నాడు. అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాను. నా నోరే నాకు శత్రువు, చిన్నప్పటి నుంచి నీకు తెలుసు. తప్పు నాది. పదిసార్లు చెప్పమన్నా చెబుతాను.

కానీ నాకు కోపం పోలేదు, అది కూడా చెబుతున్నాను. కళ్లు చూపించుకో అని మార్చిలోనే మొత్తుకున్నాను. విన్నావా? ఇప్పుడు నీ పని మీదికి వచ్చింది. నేను మీ మేనేజరుకి రాస్తాను. మా తమ్ముడు పంపింది ఆడపిల్లే, దారిలో డ్రైవరు బుట్ట మార్చేశాడు అని రాస్తాను. అబద్ధమైతే అయింది. ఊ అను, ఈ రోజే రాస్తాను.

ఇంక చుక్క. పొట్ట మీద బొచ్చు ఇంకా రాలేదు, గొరిగిన చోట గోక్కుంటోంది. మొన్న పెద్దాయనా అదీ కలబడి మీ బావ నీళ్ల చెంబు తన్నేశారు. మొదటి మాట మొదటి మాటే. మగదైతే వెనక్కి అన్నాను. ఇంట్లో కుట్టినవి, కుట్టాల్సినవి అన్నీ ఊళ్లోవాళ్ల బట్టలు. వాటి మీద చిమ్మితే నేను ఎవరికి సమాధానం చెప్పుకోను? ఈ నెలాఖరు శనివారం వ్యానులో పంపేస్తాను. నువ్వు ఎవరికైనా ఇచ్చుకో. ఈసారి మాత్రం మగ అని చెప్పి ఇవ్వు.

అక్క


మే 24

అక్కా,

మేనేజరుకి ఏమీ రాయకు. చుక్కని పంపకు. ఈ రెండూ ముందు చదువుకుని తర్వాత మిగతాది చదువు.

పరీక్ష అయిపోయింది. హెడ్డాఫీసు నుంచి వచ్చినాయన నాకంటే పెద్దవాడు, ఇదే బల్ల దగ్గర పని చేసి పైకి వెళ్లినవాడు. మూడు పెట్టెలు పెట్టించాడు, పెట్టెకి వంద పిల్లలు. నేను వేరు చేశాను. నా పక్కనే స్టూలు వేసుకుని రెండు ట్రేలూ ఆయన మళ్లీ ఒక్కొక్కటే తిప్పి చూశాడు. ఎడమ ట్రేలో ఒక్క పెట్ట కూడా లేదు. కుడి ట్రేలో పదకొండు పుంజులు ఉన్నాయి.

మేనేజరుని బయటికి పంపి తలుపు వేశాడు. "చూపు మందగిస్తే తప్పులు రెండు వైపులా పోతాయి. నీవన్నీ ఒకే వైపు పోయాయి" అన్నాడు. ఎన్నాళ్ల నుంచి అని అడిగాడు. కిందటేడు చివరి నుంచి అని చెప్పాను. ఆయన చాలాసేపు చేతులు కడుక్కున్నాడు.

ఎడమ ట్రే ఎక్కడికి పోతుందో నువ్వెప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. గుడ్ల జాతి కోళ్లలో పుంజులు గుడ్లు పెట్టవు, మాంసానికి పెరగవు. పెంచడం దండగ. పుట్టిన రోజే, సాయంత్రం కాకుండానే, వాటి పని అయిపోతుంది. అది నా చేతులతో జరగదు, పక్క గదిలో జరుగుతుంది. కానీ ఏది ఆ గదిలోకి పోవాలో చెప్పేది నేను. ఇరవై రెండేళ్లు చెప్పాను. గర్వంగా చెప్పాను అక్కా. నాకంటే చురుకైనవాడు లేడన్నారు, బోర్డు మీద నా నంబరు పైన రాశారు.

కిందటేడు ఒకరోజు పెట్టెలో ఆఖరి పిల్లని తీశాను. పుంజు. చెయ్యి ఎడమ వైపు వెళ్లలేదు. ఆ రోజు ప్రత్యేకంగా ఏమీ జరగలేదు. వందకి రెండు తప్పులు క్షమిస్తారు కదా, నేను ఎప్పుడూ వాడుకోలేదు కదా అనుకున్నాను. దాన్ని కుడి ట్రేలో వేశాను. ఆ తర్వాత ప్రతి పెట్టెలో ఆఖరిది ఏదైనా సరే కుడి వైపే. కొన్నాళ్లకి రెండయ్యాయి. తర్వాత నేను లెక్క చూసుకోలేదు. అవి మాత్రం ఎన్నాళ్లు బతుకుతాయి, కూత నేర్చుకునేదాకా. కూస్తే దొరికిపోతాయి. అవి కూశాయి కాబట్టే నేనూ దొరికాను.

పరీక్ష రోజు జాగ్రత్తగా చెయ్యాలనే కూర్చున్నాను. పని పోతే నిలువ నీడ ఉండదని తెలుసు. చెయ్యి వినలేదు.

చుక్క సంగతి కూడా ఇప్పుడు చెప్పేస్తాను. నీ ఉత్తరం వచ్చిన రోజే దాన్ని లైటు కింద పట్టుకుని చూశాను. ఒక్క సెకను కూడా పట్టలేదు. మగదే. "మగదైతే వద్దు" అని నువ్వు రాసిన కాగితం పక్కనే ఉంది. పెన్ను తీసుకుని ఆడది అని రాశాను. దాని పొట్ట గొరిగి కొయ్యబోతారని నా బుర్రకి తట్టలేదు. నా అబద్ధానికి దాని ప్రాణం పోయేది. కార్డులో నువ్వు నన్ను తిట్టింది తక్కువే.

ఆ హెడ్డాఫీసు ఆయన కాగితంలో చూపు మందగించింది అని రాసి సంతకం పెట్టాడు. లేకపోతే కావాలని చేశానని కేసు అయ్యేదట. బల్ల దగ్గర నాకు పని లేదు. నెలాఖరుకి గది ఖాళీ చెయ్యాలి. ఎక్కడికి వెళ్లాలో ఇంకా అనుకోలేదు. చుక్కని మాత్రం వెనక్కి పంపకు, పంపితే తీసుకోవడానికి నేను ఇక్కడ ఉండను.

తమ్ముడు


మే 28

తమ్ముడికి,

నీ ఉత్తరం మధ్యాహ్నం వచ్చింది. మిషను ఆపి చదివాను. మళ్లీ మిషను తొక్కలేకపోయాను. మీ బావకి చదివి వినిపిస్తూ సగంలో కాగితం పక్కన పెట్టేశాను. ఆయనే తీసుకుని చదువుకున్నాడు. ఇస్త్రీ పెట్టె కింద ఎవరిదో చొక్కా మాడిపోయింది.

ఏడ్చాను. ఏడుస్తూనే నిన్ను తిట్టాను. ఇరవై రెండేళ్లు మనసులో ఇంత పెట్టుకుని ఒక్క ముక్క చెప్పవా? నోరు ఎందుకుంది నీకు, మోకాళ్ల నొప్పులు చెప్పడానికా? మగదేనక్కా, అయినా ఉంచుకో అని ఒక్క మాట రాస్తే నేను నాలుగు తిట్లు తిట్టి ఉంచుకునేదాన్ని కాదా? నన్ను ఆ మేనేజరులా అనుకున్నావా? ఇదీ నా అసలు కోపం. పిల్లి సంగతి కాదు.

నేను కూడా పెద్ద మనిషిలాగ "మగదైతే వద్దు" అని రాశాను. ఆ వాక్యం ఇప్పుడు తలచుకుంటే నాకే సిగ్గుగా ఉంది.

నిన్న కుట్లు లేని ఆ పొట్ట చూపించడానికి చుక్కని మళ్లీ ఆస్పత్రికి తీసుకెళ్లాను. గోకుడుకి పూత మందు ఇచ్చారు. మగపిల్లికి చేసే ఆపరేషన్ జూన్ అయిదున. అది అయిపోతే చిమ్మడం తగ్గుతుందట, పెద్దాయన కూడా మెత్తబడతాడట. మెత్తబడకపోయినా ఏం చేస్తాం, బట్టలన్నీ పై అరల్లోకి ఎక్కించాం, కింద మీ బావ తెర కట్టాడు. కాంపౌండరు కార్డులో ఆడ అన్న మాట కొట్టేయబోయాడు. కొట్టేయొద్దు, పక్కన రాసుకోండి అన్నాను. ఎందుకమ్మా అన్నాడు. మా తమ్ముడు రాసింది, అలా ఉండనివ్వండి అన్నాను. నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. ఆ రామచిలక కూడా ఉంది. ఈసారి ఏమీ అనలేదు.

శనివారం వ్యానులో పిల్లి రాదు. నువ్వే ఆ వ్యాను ఎక్కి ఇటు రా. డ్రైవరుతో మీ బావ మాట్లాడాడు. ఎక్కడికి వెళ్లాలో అనుకోలేదట, సిగ్గు లేదూ ఆ మాట రాయడానికి? మేం చచ్చామా? వెనక గదిలో మంచం వేశాం. నీ స్వెట్టరు మాత్రం అడగకు, చుక్క ఇవ్వడు. ఒరేయ్ అంటే ఇప్పుడు పలుకుతున్నాడు, దిగమంటే మాత్రం దిగడు.

ఇంకో పని రాదన్నావు. బడి చొక్కాలు నాలుగు వందలు గుండీలు లేకుండా పడి ఉన్నాయి, నాకు ఒక్క చెయ్యి సాయం లేదు. నీ బొటనవేలంత చురుగ్గా కదిలే వేలు ఈ వీధిలో ఎవరికీ లేదు. వచ్చి స్టూలు వేసుకుని కూర్చో. ఆడపిల్లలకీ మగపిల్లలకీ ఒకటే చొక్కా పెట్టారని అప్పట్లో ఆ బడివాళ్లని నోటికొచ్చినట్టు తిట్టాను కదా. అన్నీ ఒకే కుప్పలో పోసి ఉన్నాయి. వేరు చెయ్యక్కర్లేదు.

అక్క